నాన్న గొంతు ఫోన్‌లో ఉంది, వినిపించమంటారా?

అంబాజీపేట చుట్టుపక్కల ఒక ఊరి నుంచి పెళ్లి కుదిరిన అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం, కుదించి ఇస్తున్నాను.

ఆమె నాన్నగారికి యాభై ఎనిమిదేళ్లు. కొబ్బరి వ్యాపారం. తోట యజమానులతో దింపు (చెట్ల నుంచి కాయలు దించడం) మాట్లాడుకోవడం, రాశి చూసి వెయ్యి కాయలకు ఇంత అని ధర కట్టడం, బయటి రాష్ట్రాల వ్యాపారులతో ఫోన్‌లో బేరం ఆడడం, అంతా నోటి మీదే నడిచేది. "మా నాన్న వీధి అరుగు మీద నవ్వితే పెరట్లో అమ్మకు వినిపించేది" అని రాశారు. పోయినేడు ఆయనకు గొంతులో క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. తర్వాత రేడియేషన్ ఇచ్చారు. ఇప్పుడు మెడ కింద పెట్టిన రంధ్రంలోంచే ఊపిరి. జబ్బు అదుపులోనే ఉందని డాక్టర్లు అంటున్నారు. మాట మాత్రం లేదు.

గొంతుకు ఆనించుకుని మాట్లాడే బ్యాటరీ యంత్రం (ఎలక్ట్రోలారింక్స్ అంటారు) డిశ్చార్జ్ అయిన రోజే కొన్నారట. ఇంటికొచ్చి దానితో రెండు మాటలు మాట్లాడగానే పక్కింటి పిల్లలు "రోబో తాతయ్య" అని నవ్వారు. ఆ రోజు బీరువాలోకి వెళ్లిన యంత్రం మళ్లీ బయటికి రాలేదు. పలక మీద రాస్తున్నారు. అమ్మ ఆయన పెదాలు చూసి అందరికీ చెప్పేస్తోంది. ఎనభై దాటిన నానమ్మకు చదువు రాదు, చెవులు కూడా సరిగా పనిచేయవు. కొడుకు తన మీద అలిగి మాట్లాడడం లేదని ఆమె అనుకుంటోంది. వ్యాపారం తనకు వదిలేసి ఇంటిపట్టున ఉండమని అన్నయ్య అంటున్నాడు. మాఘమాసంలో ఈ అమ్మాయి పెళ్లి. సంకల్పం చెప్పలేడు కాబట్టి కన్యాదానం బాబాయి చేత చేయిద్దామని పెదనాన్న అంటున్నారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే బాబాయి కొడుకు మరో ఆలోచన చెప్పాడు. పాత వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు, ఇంట్లో ఉన్న పెళ్లి వీడియోలు ఇస్తే ఏఐతో అచ్చం ఆయన గొంతే తయారు చేస్తానని, పెళ్లిలో అతిథులకు ఆ గొంతుతో స్వాగతం చెప్పించి అందరినీ సర్‌ప్రైజ్ చేద్దామని.

"రాత్రిళ్లు ఎవరికీ తెలియకుండా ఆ మెసేజ్‌లు వింటుంటాను. 'అమ్మలూ, బస్సెక్కావా' అని ఉంటుంది ఒకదాంట్లో. ఆ గొంతు ఇంట్లో మళ్లీ వినపడాలని ఉంది. తమ్ముడు చెప్పినట్టు చేయమంటారా? నాన్నను మిషన్ వాడేలా ఎలా ఒప్పించాలి?" ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మ ఏమన్నారో, అన్నయ్య ఏమన్నాడో, పెదనాన్న, తమ్ముడు, పక్కింటి పిల్లలు కూడా ఏమన్నారో అందులో ఉంది. నాన్నగారు రోజూ పలక మీద రాస్తున్నారన్నారు కదా, ఆయన ఏం రాశారో ఒక్క వాక్యమైనా లేదు. మీ మీద నేరం మోపడానికి అనడం లేదు. మాట పోయిన మనిషి ఉన్న ఇళ్లలో చాలా వాటిలో ఇదే జరుగుతుంది. వచ్చినవాళ్లు ఎదురుగా ఉన్న మనిషిని వదిలేసి "ఆయనేమంటున్నారండీ?" అని పక్కనున్న భార్యను అడుగుతారు. ఆవిడ ప్రేమతోనే చెప్తారు, సగం వాక్యం పూర్తికాకముందే చెప్పేస్తారు. కొన్నాళ్లకు ఆయన రాయడం కూడా తగ్గించేస్తారు. అందుకే ఏ యంత్రం, ఏ యాప్ అనే చర్చ కంటే ముందు మీరొక్కరూ ఒక సాయంత్రం పలక పట్టుకుని ఆయన దగ్గర కూర్చోండి. రాయడం పూర్తయ్యేదాకా ఆగండి, మధ్యలో ఊహించి చెప్పకండి. ఏం పోయినందుకు ఎక్కువ బాధగా ఉంది, ఎవరితో మాట్లాడాలని ఉంది, బీరువాలో పెట్టిన యంత్రం గురించి నిజంగా ఏమనుకుంటున్నారు, ఇవి అడగండి. జవాబు మీరనుకున్నట్టు ఉండకపోవచ్చు.

ఇప్పుడు తమ్ముడి ఆలోచన. సాంకేతికంగా అది అయ్యే పనే. ఒక మనిషి మాట్లాడిన రికార్డింగులతో అతని గొంతును పోలిన గొంతును కంప్యూటర్‌తో తయారు చేయడం ఇప్పుడు కష్టం కాదు. తెలుగులో అది ఎంత సహజంగా వస్తుందన్నది వాడే సాఫ్ట్‌వేర్ మీద, ఇచ్చే రికార్డింగుల మీద ఆధారపడి ఉంటుంది. మేళతాళాల మధ్య తీసిన పెళ్లి వీడియో కంటే నిశ్శబ్దంగా ఉన్న గదిలో చేసిన వాయిస్ మెసేజ్ చాలా నయం. నా అభ్యంతరం 'సర్‌ప్రైజ్' అన్న మాట దగ్గర. నాలుగైదు వందల మంది ముందు, తను కుర్చీలో కూర్చుని ఉండగా, తను అనని మాటలు తన పాత గొంతుతో మైకులో మోగితే ఆయనకెలా ఉంటుంది? సంతోషంతో కళ్లు చెమర్చవచ్చు. తాను బతికుండగానే తన స్మారక సభ జరుగుతున్నట్టు అనిపించినా అనిపించవచ్చు. ఏది జరుగుతుందో మీకూ నాకూ తెలియదు, ఆయనకు మాత్రమే తెలుసు. ముందే అడగడానికి ఈ ఒక్క కారణం చాలు.

మీరు రాత్రిళ్లు వినేది మీకు కావలసిన గొంతు. అందులో తప్పేమీ లేదు, కూతురిగా మీకూ ఒక నష్టం జరిగింది, దానికి మీరూ ఏడవాలి. కానీ ఆయనకు రేపు పొద్దున్న టీ దుకాణం దగ్గర కావలసిన గొంతు అదే కాకపోవచ్చు. అమెరికాలో రోజర్ ఎబర్ట్ అనే ప్రసిద్ధ సినిమా విమర్శకుడు ఉండేవారు. క్యాన్సర్ చికిత్సలో మాట పోయింది. ఆయన డీవీడీలకు చెప్పిన పాత వ్యాఖ్యానాల రికార్డింగులతో ఎడిన్‌బరోలోని ఒక కంపెనీ ఆయన గొంతును తయారు చేసిచ్చింది, 2010లో దాన్ని టీవీలో వినిపించారు. మరుసటి ఏడు ఆయన ఒక పెద్ద వేదిక మీద మాట్లాడవలసి వచ్చినప్పుడు ఎక్కువగా వాడింది కంప్యూటర్‌లో అందరికీ దొరికే మామూలు గొంతునే. కొంత భాగం భార్య, స్నేహితులు చదివి వినిపించారు. రెండూ చేతిలో ఉన్నాయి, ఎప్పుడు ఏది వాడాలో ఆయనే తేల్చుకున్నారు.

కాబట్టి నాన్నగారికి విషయం చెప్పండి. తమ్ముడి చేత రెండు మూడు వాక్యాల నమూనా చేయించి, ఇంట్లో, మీరిద్దరే ఉన్నప్పుడు వినిపించండి. ఒప్పుకుంటే స్వాగతం మాటలు ఆయనే రాయాలి. వినిపించాలో వద్దో పెళ్లిరోజు పొద్దున్న కూడా మనసు మార్చుకునే హక్కు ఆయనకుండాలి. ఆ గొంతు ఎవరి అకౌంట్‌లో ఉంటుంది, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర అన్నది ముందే తేల్చుకోండి. ఎందుకంటే గొంతు కాపీ చేసి "అర్జెంటుగా డబ్బులు పంపు" అని ఫోన్ చేసే మోసాలు జరుగుతున్నాయి. ఫోన్ మీదే వ్యాపారం చేసే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. ఆయన వద్దంటే, వద్దు. మీకు కష్టంగానే ఉంటుంది, అయినా అక్కడితో ఆపేయండి. ఆయన ఏమన్నా సరే, ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది. ఆ వాయిస్ మెసేజ్‌లన్నీ ఫోన్‌లోంచి తీసి రెండు చోట్ల భద్రం చేయండి. ఫోన్ మార్చినప్పుడో పాడైనప్పుడో పోయేవి ముందు అవే. దాచుకున్నంత మాత్రాన ఏ నిర్ణయమూ తీసుకున్నట్టు కాదు.

ఇక బీరువాలోని యంత్రం. ఆయన మొండితనం వల్లే వాడడం లేదని మీ ఉత్తరం చదివితే అనిపిస్తుంది. నాకైతే ఆయనకు దాన్ని వాడడం ఎవరూ సరిగా నేర్పలేదేమో అనిపిస్తోంది. డిశ్చార్జ్ రోజు కొని చేతిలో పెట్టారన్నారు. మెడ మీద ఏ చోట ఆనిస్తే శబ్దం నోట్లోకి బాగా వెళ్తుందో వెతికి పట్టుకోవాలి. అది మనిషి మనిషికీ వేరు. రేడియేషన్ తర్వాత మెడ బిగుసుకుపోయో వాచిపోయో ఉంటే అసలు ఎక్కడ పెట్టినా సరిగా పలకదు. అలాంటివారికి యంత్రానికి సన్నని గొట్టం తగిలించి, దాని కొస నోటి మూలలో పెట్టుకునే పద్ధతి ఉంది. వాక్యం మధ్యలో ఆగేచోట బటన్ వదలాలి, నెమ్మదిగా నోరు బాగా తెరిచి పలకాలి, మెడ రంధ్రంలోంచి గట్టిగా గాలి వదలకూడదు. ఇవన్నీ స్పీచ్ థెరపిస్ట్ దగ్గర కొన్నిసార్లు కూర్చుంటే వచ్చేవి. ఎవరూ నేర్పకుండా చేతిలో పెడితే రోబోలాగే ఉంటుంది.

నేర్చుకున్నాక కూడా అది రోబో గొంతే, ఆ మాట దాచను. పైగా తెలుగుకు ఒక ఇబ్బంది ఉంది. యంత్రం ఆపకుండా మోగుతూనే ఉంటుంది కనుక క, ట, త, ప లు గ, డ, ద, బ ల్లాగా వినిపిస్తాయి. హ దాదాపు రాదు. 'పది' అంటే 'బది' అనిపిస్తుంది. ఎదురుగా ఉన్నవాళ్లు పెదాలు చూసి అర్థం చేసుకుంటారు, ఫోన్‌లో అవతలివాళ్లు తడబడతారు. బేరంలో అంకె తారుమారైతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. అందుకని వ్యాపారంలో ధర మాత్రం ఎప్పుడూ వాట్సాప్‌లో రాసి ఖాయం చేసుకోవాలి.

ఇంకా రెండు దారులున్నాయి, వాటి గురించి మీ ఉత్తరంలో లేదు. ఒకటి, గాలిని అన్నవాహికలోకి తీసుకుని వెనక్కి వదులుతూ మాట్లాడడం. పరికరం అక్కర్లేదు, చేతులు ఖాళీగా ఉంటాయి. కానీ నేర్చుకోవడానికి నెలలు పడుతుంది, అందరికీ రాదు, గొంతు పెద్దగా రాదు. రెండోది, శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య చిన్న రంధ్రం చేసి ఒకవైపే తెరుచుకునే వాల్వ్ పెట్టడం. మాట్లాడాలనుకున్నప్పుడు మెడ దగ్గరి రంధ్రాన్ని బొటనవేలితో మూస్తే ఊపిరి వాల్వ్‌లోంచి వెళ్లి మాటవుతుంది. మూడింటిలో మనిషి మాటకు దగ్గరగా ఉండేది ఇదే. ఆపరేషన్‌లోనే పెట్టకపోయినా తర్వాత పెట్టే వీలు చాలామందికి ఉంటుంది. విదేశీ వాల్వ్‌లు ఖరీదు. బెంగళూరులో క్యాన్సర్ సర్జన్ డాక్టర్ విశాల్ రావు ఒక మిత్రుడితో కలిసి 50 రూపాయల ఖర్చులో అయ్యే వాల్వ్ తయారు చేశారు కూడా. అయితే ఖర్చు వాల్వ్‌తో తీరదు. రోజూ బ్రష్‌తో శుభ్రం చేసుకోవాలి, నెలలు గడిచేసరికి నీళ్లు తాగితే ఊపిరితిత్తుల్లోకి కారడం మొదలవుతుంది, మార్పించుకోవాలి. ఊడిపోతే వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి, ఆలస్యమైతే రంధ్రం పూడిపోతుంది. కోనసీమలో ఉన్న మీకు ఆ పని చేసే డాక్టరు కాకినాడలో దొరుకుతారా, రాజమండ్రిలోనా, లేక ప్రతిసారీ విశాఖ వెళ్లాలా? వాల్వ్ బాగుంటుందా లేదా అన్నదానికంటే ముందు ఇది తేలాలి.

చౌకైనది, ఈ రాత్రే మొదలుపెట్టగలిగేది ఒకటుంది. ఆయన జేబులో ఇప్పటికే ఉన్న ఫోన్. ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ కీబోర్డుకు తెలుగు చేతిరాత సదుపాయం ఉంది. తెర మీద వేలితో పలక మీద రాసినట్టే రాస్తే అక్షరాలవుతాయి. ఆ వాక్యాన్ని తెలుగులో పైకి చదివే యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి. చదివే తెలుగు మన కోనసీమ తెలుగులా ఉండదు, ఎవరో న్యూస్ చదివినట్టు ఉంటుంది. ఆయన అలా రాస్తేనే తప్ప "ఆయ్" అనదు. మాట మాటకూ టైప్ చేస్తూ కూర్చుంటే అవతలివాళ్లకు ఓపిక పోతుంది కనుక తరచూ వాడే వాక్యాలు ముందే రాసి పెట్టుకోవాలి. "దింపు ఎప్పుడు?", "కాయ చిన్నది, ఆ ధర రాదు", "రేపు మనిషిని పంపుతాను", "ఆగండి, రాస్తున్నాను." ఈ చివరిది అన్నిటికంటే ముఖ్యం. ఆ వాక్యాలు ఏవన్నది కూడా ఆయనే ఎంచుకోవాలి. మీరు ఎంచితే 'మంచినీళ్లు', 'నొప్పి', 'బాత్రూమ్' పెడతారు. ఆయనకు తిట్లు కావాలేమో, వ్యాపారస్తులు కదా.

ఒక్కదాన్నే తేల్చుకోవాలని మీరు టెన్షన్ పడుతున్నారు గానీ, ఇలాంటివారు చాలామంది రెండు మూడు కలిపి వాడతారు. ఎదురుగా ఉన్నవాళ్లతో యంత్రం, బయటి వ్యాపారులకు వాట్సాప్, గోలగా ఉన్నచోట పలక.

మొదలెక్కడ అంటారా? బజారులో వద్దు. నానమ్మతో మొదలుపెట్టమని ఆయనను అడగండి. ఆవిడకు పలక పనికిరాదు, పెదాల కదలిక తెలియదు. ఎనభై ఏళ్ల తల్లి, కొడుకు అలిగాడనుకుంటూ రోజులు వెళ్లదీస్తోంది, మీ ఇంట్లో అన్నిటికంటే తొందరగా తీర్చాల్సినది అదే. ముందు ఆవిడ చెవులు పరీక్ష చేయించండి, చెవి మిషన్ పెడితే వినిపించే చెవుడేమో చూడండి. ఆపరేషన్‌లో ఏం తీసేశారో ఎవరైనా ఆవిడకు నిదానంగా, చేత్తో మెడ చూపించి చెప్పారా? చెప్పలేదనే నా అనుమానం. భయపడుతుందని పెద్దవాళ్ల దగ్గర దాస్తాం, వాళ్లు అంతకంటే పెద్ద భయం ఊహించుకుంటారు. యంత్రం తీసి "అమ్మా, తిన్నావా?" అని ఆయన అంటే ఆవిడ రోబో అని నవ్వదు. పక్కింటి పిల్లలనూ ఒకరోజు పిలిచి ఆ యంత్రం వాళ్ల బుగ్గకు ఆనించుకుని ఆడుకోనివ్వండి. వింత తీరాక నవ్వూ పోతుంది. ఇది కూడా ఆయనకు ఇష్టమైతేనే.

అన్నయ్య మాటలో సగం సబబే. పీచు దుమ్ము ముక్కు వడకట్టకుండా నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది కాబట్టి రాశుల దగ్గర ఎక్కువసేపు ఉండకూడదు, మెడ రంధ్రానికి గుడ్డో, దాని కోసమే దొరికే ఫిల్టరో తప్పనిసరి. తోటల్లో తిరిగే పని అన్నయ్యా, ధర కట్టే పని నాన్నగారూ చూసుకోవచ్చు. పూర్తిగా ఇంట్లో కూర్చోబెడితే వ్యాపారం తేలిగ్గానే చేతులు మారుతుంది, ఆయన తిరిగి కోలుకోవడం మాత్రం తేలిక కాదు. తిండి తగ్గినా, నిద్రపోకపోయినా, చచ్చిపోయినా బాగుండేదని పలక మీద రాసినా ఆ రోజే డాక్టరుకు చెప్పండి. టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, ఆయన తరఫున మీరు చేయవచ్చు. అమ్మగారిని "చుట్ట మానమంటే విన్నారా" అనడం ఆపమనండి. (మీరు రాయలేదు, కానీ అంటూనే ఉంటారని నాకు తెలుసు.)

కన్యాదానం సంగతి. నేను శాస్త్రం చెప్పేదాన్ని కాను. పెదనాన్నగారూ కాదనుకుంటాను. పురోహితుడు గారిని నేరుగా అడగండి, అడిగేటప్పుడు నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. మంత్రాలు చెప్పించేది ఆయనే, కాళ్లు కడగడం, ధార పోయడం చేతుల పని. పైకి వినపడకుండా పెదాలతో అనుకుంటే సరిపోతుందా, పక్కన బాబాయి సంకల్పం చెప్తూ ఉంటే నాన్నగారు చేయవచ్చా అని అడిగితే ఏదో ఒక మార్గం చెప్తారు. నాన్నగారే నాకు వద్దు, తమ్ముడు చేయనీ అంటే అది వేరు. ఆయన లేని చోట ఆయన బదులు తేల్చేయడం మాత్రం ఒప్పుకోకండి. పెళ్లికూతురు మీరు, మీ మాటకు ఆ నెల్లాళ్లూ విలువెక్కువ.

ఇంకొన్ని విషయాలు మీరు అడగలేదు, అయినా చెప్పాలి. మీది చుట్టూ కాలవలూ, రేవులూ ఉన్న నేల. మెడ రంధ్రంలోకి నీళ్లు వెళ్తే నేరుగా ఊపిరితిత్తుల్లోకే. కాలవలో దిగడం, చెరువులో ఈత ఇక వద్దు. పెళ్లిలో మంగళస్నానం పేరుతో చుట్టాలు నెత్తిన చెంబులు గుమ్మరిస్తారు, ముందే చెప్పి ఉంచండి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తాయి, మునక లేదు, తల మీద చల్లుకోవడమే. జేబులో ఒక కార్డు ఉండాలి, దాని మీద పెద్ద అక్షరాలతో: "నేను మెడ ద్వారా ఊపిరి పీలుస్తాను. ఆక్సిజన్ మెడ దగ్గర పెట్టండి, ముక్కుకు కాదు." ఏ ప్రమాదంలోనైనా తెలియనివాళ్లు ముక్కుకే మాస్క్ పెడతారు.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో మాట, భాషా వైకల్యం కింద స్వరపేటిక తీసేసిన స్థితిని పేరు పెట్టి చేర్చారు. 40 శాతానికి తగ్గకుండా ఉందని మెడికల్ బోర్డు నిర్ధారిస్తే సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్, యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. కుటుంబ ఆదాయం, పొలం నిబంధనలున్నాయి, మీకు వర్తిస్తుందో లేదో సచివాలయంలో కనుక్కోండి. పింఛను రాకపోయినా సర్టిఫికెట్ తీసుకోండి.

తర్వాతి చెకప్‌కు వెళ్లినప్పుడు సర్జన్‌ను మూడు అడగండి: వాల్వ్ పెట్టడానికి ఆయన గొంతు పనికొస్తుందా, మెడ బిగుతు తగ్గడానికి వ్యాయామాలున్నాయా, దగ్గరలో ఇలాంటివారికి నేర్పిన స్పీచ్ థెరపిస్ట్ ఎవరు. దగ్గరలో లేరంటే సికింద్రాబాద్‌లో మాట, వినికిడి వైకల్యాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. ఆ మూడు ప్రశ్నలూ మీరు అడగొద్దు. ముందురోజు ఫోన్‌లో రాసి పెట్టుకుని, డాక్టరు ముందు నాన్నగారినే బటన్ నొక్కనివ్వండి.